తుపాకి మడమ ముచ్చట

ఒరే అబ్బాయ్, టెక్సాస్‌లో అడవిపందుల వేటకని రైఫిల్ కొన్నావు, సంతోషం. ఇప్పుడు దాని కొయ్య మడమ, అదే స్టాక్, తీసేసి ప్లాస్టిక్‌ది వేయించాలా వద్దా అని అడుగుతున్నావు. చెబుతా. నువ్వు తొందరపడినా నేను పడను కాబట్టి, మంటలో ఇంకో నాలుగు పత్తికట్టెలు వేసి కూర్చో.

మా చిన్నప్పుడు మా వైపు ఊరికి ఒకటో రెండో తుపాకులు ఉండేవి. కొండవీటి కొండల వైపు చేలున్నవాళ్ళకి పంట కాపలాకని లైసెన్సు ఇచ్చేవాళ్ళు. జొన్న కంకి పాలు పోసుకునే వేళ పిట్టలకైతే మంచె మీద వడిసెల చాలు. రాత్రిపూట వేరుశనగ చేలో దిగిన పందుల మందకి వడిసెల ఏ మూలకి? తుపాకి చప్పుడు వినపడితేగాని కదిలేవి కావు.

ఆ తుపాకికి ఎన్ని మర్యాదలో! జోడు గొట్టాల తుపాకి ఉన్నాయన ఎవరింటికైనా వస్తే, అరుగు దగ్గరే తూటాలు తీసి, గొట్టాలు వంచి మోచేతి మీద వేసుకుని, అప్పుడు గడప తొక్కేవాడు. లోపల తూటా లేదని ఇంట్లో ఆడవాళ్ళకీ పిల్లలకీ కనపడాలి. కొన్న తూటాలకి లెక్క ఉండేది. 1957లో నయాపైసలు వచ్చాక కూడా మా పెదనాన్న అణాల్లోనే లెక్క చెప్పేవాడు. ఒక తూటా పేల్చావంటే ఒక మనిషి కూలి గాల్లో కలిసినట్టేరా అనేవాడు.

ఆయన దగ్గరున్నది .315 రైఫిల్. బెంగాల్లో ఇషాపూర్ సర్కారు ఫ్యాక్టరీది. సైన్యం వాడే .303 మామూలు జనానికి ఇచ్చేవాళ్ళు కాదు, అందుకని వేటగాళ్ళకి ఈ .315. ఆయనకి గొట్టం కంటే మడమ మీదే ప్రేమ ఎక్కువ. దీపావళి వెళ్ళాక ఎండలో కూర్చుని, అరచేతిలో అవిసె నూనె పోసుకుని, చెయ్యి వేడెక్కేదాకా రుద్దేవాడు. కొయ్యలో గీతలు తేలి నిగనిగలాడుతుంటే పిల్లలం చుట్టూ చేరేవాళ్ళం. ముట్టుకోనిచ్చేవాడు కాదనుకో.

అంత ప్రేమగా చూసినా కొయ్య కొయ్యే. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో అది ఎండి ముడుచుకునేది. నల్లరేగడి బురదలో తడిసిన శ్రావణ భాద్రపదాల్లో వానాకాలపు తలుపులా ఉబ్బేది. ఉబ్బిన కొయ్య ముందు భాగం గొట్టాన్ని ఒక పక్కకి నెడుతుంది. ఇంకేముంది, ఎండాకాలంలో సూటిగా పోయిన గుండు వానల్లో జానెడు పక్కకి పోతుంది. పరీక్ష పెద్దదేం కాదు. గొట్టానికీ కొయ్యకీ మధ్య ఒక రూపాయి నోటు దూర్చి వెనక్కి లాగి చూడాలి. సాఫీగా జారితే సరే. ఎక్కడ పట్టేసిందో అక్కడ కొయ్య ఆనుతోందన్నమాట.

ఇది తెలిశాక మా బంధువొకాయనకి పెద్ద సాకు దొరికింది. ఏ పంది తప్పించుకున్నా ‘మడమ ఉబ్బిందిరా’ అనేవాడు. నడివేసవిలో కూడా! ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అసలు సంగతేమిటంటే ఆయన పొట్టివాడు, మడమ పొడుగు. భుజానికి ఆనిస్తే వేలు ట్రిగ్గర్ దాకా చాలదు, మెడ సాచాలి. పేల్చిన ప్రతిసారీ చెంప వాచేది. గుంటూరులో లైసెన్సున్న తుపాకుల షాపతను ఆ మడమని అంగుళం పైన కోసి, చివర రబ్బరు పలక బిగించి ఇచ్చాక ఆయన గురీ కుదిరింది, చెంపా మిగిలింది. ఊరి వడ్రంగి చేత చేయించకూడదా అంటావేమో. లైసెన్సు లేనివాడు తుపాకి బాగుచేయడం నేరంరా.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక మన దగ్గర సరదా వేటలకి కాలం చెల్లింది, మంచిదే అయింది. కౌజులూ కుందేళ్ళూ లెక్కలేకుండా పోయాయి ఆ సరదాలకి. పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి పేల్చే పిచ్చికి కూడా 2019లో చట్టం శిక్ష పెట్టింది. మీ టెక్సాస్‌లో చూస్తే అదే 2019 నుంచి, చేను గలాయన ఒప్పుకుంటే పందిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. సరే, ఎటో పోయాం. నీ మడమ దగ్గరికి వద్దాం.

ప్లాస్టిక్ అనగానే మొహం చిట్లించేవాళ్ళ మాట వినకు. రెమింగ్టన్ కంపెనీ 1959లోనే నైలాన్ 66 అని ఒక .22 రైఫిల్ తెచ్చింది. పేరులోనే ఉంది, మడమంతా నైలానే. మన సైన్యం కూడా ఇన్సాస్ రైఫిల్‌తో కొయ్య వదిలి పాలిమర్‌కి వచ్చింది. వాన తగిలినా ఉబ్బదు, ఎండకి పగలదు, నూనె అడగదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మాత్రం కొనొద్దు. అందులోనూ రకాలున్నాయి. అచ్చులో పోసి తీసిన చవకవి కొన్ని పైన పటారం, లోన లొటారం. వేలితో తడితే డొల్ల చప్పుడు. ముందు భాగాన్ని ఇసుక సంచి మీద ఆనిస్తే వంగి మళ్ళీ గొట్టానికే తగులుతుంది. కొయ్య మార్చి ఏం లాభం? ఫైబర్‌గ్లాస్ పొరలు చేత్తో పేర్చి చేసినవి గట్టివి, ఖరీదూ గట్టిదే. లోపల అల్యూమినియం దిమ్మె ఉన్నదైతే రైఫిల్ ఇనుము లోహం మీదే కూర్చుంటుంది, కదలదు. కొయ్య మీద మమకారం చావకపోతే పలచని పొరలు జిగురుతో అతికించిన లామినేట్ ఉంది. మామూలు కొయ్యంత ఉబ్బదు, కాకపోతే బరువు.

కొనేముందు మడమ చివర మోచేతి మడతలో ఆనించి చూసుకో. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కి అందాలి. చలికోటు వేసుకుని కూడా చూసుకో. బిగించేటప్పుడు బలం కొద్దీ తిప్పకుండా, కంపెనీ చెప్పిన కొలతకే స్క్రూలు బిగించు. మడమ మారాక గురి మళ్ళీ సరిచూసుకోకుండా చేలోకి దిగొద్దు. తగలరాని చోట తగిలి పంది రాత్రంతా గిలగిల్లాడితే ఆ పాపం మడమది కాదు, నీది.

ఇదీ నా తీర్పు: ముందు భుజానికి కుదరాలి, తరవాత వానకి ఆగాలి, అందం ఆఖరున. అందరాని మంచి మడమ కంటే అందే మామూలు మడమే మేలు. డబ్బు సరిపోకపోతే ఇంకో ఏడాది ఆ కొయ్యకే అవిసె నూనె రాయి, చవక డొల్ల మాత్రం కొనకు.