గుడి, కుడి: వేలూరు సీమలో రెండు భాషల చెవి

వేలూరు జిల్లాలోని ఒడుగత్తూరు పేరును తమిళ లిపిలో రాసేటప్పుడు వాడే హల్లులలో ట, క, త మూడూ పరుషాలే, అంటే గొంతులో నాదం పుట్టకుండా పలికేవే; అయినా అచ్చుల నడుమ ఒంటిగా నిలిచిన ట, క లు డ, గ లుగా మారి వినబడతాయి, ద్విత్వమైన త మాత్రం త గానే నిలుస్తుంది. తెలుగు లిపి విన్నదాన్ని విన్నట్టే రాసుకొని, హల్లుతో ముగిసే ‘ఊర్’కు చివర ఉకారం చేర్చి ‘ఊరు’ చేసింది.

సరళాలకు, అంటే గ, జ, డ, ద, బ లకు, తమిళం వేరే అక్షరాలు పెట్టుకోకపోవడం లోపం కాదు. చోటును బట్టి పరుషం సరళమయ్యే ఈ నియమాన్ని రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో వివరించాడు. పలుకు తీరును చోటే నిర్ణయిస్తున్నప్పుడు రెండో అక్షరంతో పని లేదు. తెలుగులోనూ ఆ పాత నియమపు జాడ ఉంది: ద్రుతం, అంటే పదం చివరి నకారం, మీది పరుషం సరళమవుతుందని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సూత్రీకరించాడు. అయితే సంస్కృత ప్రాకృతాల నుంచి వచ్చిన మాటల వల్లా, తనలో తాను పొందిన మార్పుల వల్లా తెలుగులో సరళాలు పదాదిని కూడా స్థిరపడి, అర్థాన్ని మార్చే శక్తి సంపాదించాయి. కుడి వేరు, గుడి వేరు.

అర్థభేదం కలిగించే ఇటువంటి ధ్వనిని భాషాశాస్త్రం వర్ణం అంటుంది. తమిళ చెవికి క, గ ల తేడా వినబడదనుకోవడం పొరపాటు. చెవి వింటుంది, మనసు దానికి విలువ కట్టదు. పరభాషను వినేవాడి మనసులో మాతృభాష జల్లెడలా పనిచేస్తుందని నికొలాయ్ త్రుబెత్‌స్కోయ్ 1939లో అచ్చయిన గ్రంథంలో చెప్పాడు. ఆ జల్లెడ ఎంత తొందరగా అల్లుకుంటుందో 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చూపారు: ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే 6–8 నెలల పసివాళ్లు హిందీలోని ట, త ల భేదాన్ని గుర్తించగా, 10–12 నెలల వాళ్లలో ఆ శక్తి బాగా సన్నగిల్లింది. రెండు భాషల నడుమ పెరిగే బిడ్డకు రెండు జల్లెళ్లూ కావాలి.

అటువంటి బిడ్డలు ఈ సీమకు కొత్తకాదు. విజయనగర నాయకుల కాలం నుంచీ ఇక్కడ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అరవీటి రాజులకు రాజధాని అయిన వేలూరును తెలుగువారు రాయవేలూరు అన్నారు. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు విడిపోయి చిత్తూరు జిల్లాలో చేరినా, వేలూరు, గుడియాత్తం పాత జిల్లాలోనే ఉండిపోయాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఆ జిల్లాగీతే రాష్ట్రాల సరిహద్దయింది. ఇంట తెలుగు, అంగట్లో తమిళం వాడే మనిషి మాట మాటకూ లెక్క మార్చుకుంటాడు: ఒక భాషలో క, గ లు రెండు వర్ణాలు, మరొక భాషలో ఒక వర్ణానికే రెండు రూపాలు. (తెలుగు పద్యం వాటిని వర్ణాలుగా వేరు చేస్తూనే యతిమైత్రిలో చెల్లనిస్తుంది; ఆ పాత చుట్టరికాన్ని ఛందస్సు మరవలేదు.)

2006 నాటి చట్టంతో తమిళనాడు బడులలో తమిళం దశలవారీగా తప్పనిసరి అయ్యాక, తెలుగు ఇళ్ల పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి దూరమైంది. కాబట్టి గుడికీ కుడికీ గల తేడాను ఇప్పుడు ఆ పిల్లల కోసం నిలిపేది పుస్తకం కాదు, ఇంటి మాట. అయితే లిపిలో చోటు లేని నాదానికి తమిళ నాలుక కూడా వేరే దారి వెతికింది: పదాదిని సరళం ఉన్న అరువు మాటలలో, దాని మీది అకారాన్ని ఎకారం వైపు జరిపి, బలాన్ని ‘బెలం’, గంధాన్ని ‘గెందం’ అని పలికింది. తమిళుల వైకాశి నెల మొదట్లో, మే నడుమ, సిరసు ఉత్సవం జరిగే గుడియాత్తం అమ్మవారు తెలుగు నోట గంగమ్మ, తమిళ నోట గెంగై అమ్మన్. తమిళంలో ఆ పేరు క తోనే మొదలైనా, దాని మీది ఎత్వాన్ని చూసి ఊరివాళ్లు గ గానే చదువుతారు.