చందా బొమ్మకు కెమెరా ఎక్కడ పెట్టాలి

జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్‌లో ఊరి సంఘాల ఆడవాళ్లు వీడియో కెమెరా నేర్చుకున్న కొత్తలో షాట్లకు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. నేలబారున ఉండి పైకి చూస్తే అది జీతగాని చూపు, దొర ముందర చేతులు కట్టుకొని నిలబడ్డవాడికి కనిపించే లోకం. మనిషి కళ్లకు ఎదురుగా, అదే ఎత్తులో కెమెరా పెడితే అది సంఘం షాట్. సంఘం మీటింగులో అందరూ నేలమీద ఒక్క తీరుగా కూచుంటారు, ఒకరి తల ఇంకొకరి తలకు పైన ఉండదు. అందుకే ఆ పేరు. సినిమా చదువుల్లో హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అని నేర్పేది ఈ మూడింటినే. కానీ ఆ చదువు కెమెరా ఎత్తు చెప్పి ఊరుకుంటుంది. ఆ ఎత్తులో ఎవరు నిలబడి ఉంటారో చెప్పింది మా జహీరాబాద్ దళిత మహిళా రైతులు.

నేను జహీరాబాద్‌లోనే పెళ్లిళ్ల వీడియోలు తీస్తాను. ఎం 3000 కెమెరా భుజాన వేసుకొని, వెనక ఒకడు లైటు పట్టుకొని నడిచే రోజుల్లో ఈ పనిలోకి వచ్చాను. క్యాసెట్లు పట్టుకొని మిక్సింగ్‌కు హైదరాబాద్ బస్సెక్కేవాళ్లం. ఇప్పుడు డ్రోన్ లేకపోతే పెళ్లివాళ్లు బయానా ఇవ్వరు. ఈ మధ్య మా అక్క కొడుకు, వాడి దోస్తులు ఒక వెబ్ సిరీస్ మొదలుపెట్టారు. వీడియో గేమ్ పద్ధతిలో నడిచే కథ. చెరుకు లారీ డ్రైవర్ ఒక్కడు రాత్రికి రాత్రి బీదర్ చేరాలి. ఒక్కో ఎపిసోడ్ ఒక్కో లెవెల్. ప్రాణం పోయినప్పుడల్లా చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు దగ్గర మళ్లీ లేచి నిలబడతాడు. ఖర్చంతా జనం దగ్గర చందా అడిగి పెట్టాలని వాళ్ల ఆలోచన. కెమెరా పని నాకు అప్పజెప్పారు.

"మామా, పైసలు జనం దగ్గర్నే అడిగి బొమ్మ తీసుడు మన దిక్కు ఎవ్వలు చెయ్యలే. మనమే ఫస్టు" అన్నాడు వాడు.

వాడి ఉత్సాహం నాకు నచ్చింది. అయినా మొదటివాళ్లం మనమే అన్న మాట చెల్లదు. ఆ సంగతి వాడికి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా తాతల కాలంలో ఊరికి చిందు బాగోతం వచ్చేది. ఒక్క రాత్రితో అయిపోయేది కాదు. ఇవాళ ఒక ఆట, రేపు ఇంకో ఆట. వాళ్లకు ఊరు ఇన్ని గింజలు, ఇంత పైకం అని పోగేసి ఇచ్చేది. ఆట నడుస్తుండగా ఎవరైనా రూపాయో రెండు రూపాయలో ఇస్తే పాత్రధారి ఆట ఆపి, ఇచ్చినవాడి పేరు, తండ్రి పేరు, ఇంటి పేరు కలిపి గట్టిగా చదివి దీవించేవాడు. ఒగ్గు కథలో, బుర్రకథలో ఇప్పటికీ ఈ చదివింపులు ఉన్నాయి. ఇంటర్నెట్‌లో చందాలతో తీసే సిరీస్‌ల చివర ఇచ్చినవాళ్ల పేర్లు వరుసగా వస్తాయే, అదే పని. తేడా ఒక్కటే: బాగోతంలో పేరు చదివేటప్పుడు ఆ మనిషి ఎదురుగా ఉండేవాడు, ఊరంతా అతని వైపు తిరిగి చూసేది.

ఆ ఊరంతా ఎట్లా కూచునేదో కూడా చెప్పాలి. ముందు వరసలో మంచం మీద పటేల్. తర్వాత అరుగుల మీద పెద్ద కులాలు. దూరంగా చీకట్లో నిలబడి చూసే మాదిగవాడ జనం అందరికీ వెనక. డబ్బు అందరిదీ, చూపు మాత్రం మంచం మీది మనిషిది. ఏ ఆట ఆడాలో ఆయన చెప్పేవాడు. చందా వేసినంత మాత్రాన బొమ్మ అందరిదీ అయిపోదని నేను ముందు నేర్చుకున్నది ఇక్కడే.

సినిమాలో ఈ చందా పద్ధతి పెద్ద ఎత్తున చేసి చూపించింది గుజరాత్ పాల రైతులు. అల్వాల్‌లో పెరిగిన మన శ్యామ్ బెనెగల్ 1976లో 'మంథన్' తీశారు. 5 లక్షల మంది రైతులు ఒక్కొక్కరు 2 రూపాయలు ఇచ్చారు. పాల సొసైటీలు ఒక పూట పాల డబ్బులోంచి ఆ రెండు రూపాయలు పట్టుకున్నాయి. మొత్తం 10 లక్షలు. బొమ్మ విడుదలయ్యాక ఆ రైతులే లారీల్లో, బండ్లలో పట్నాలకు వచ్చి తమ సినిమా తాము చూసుకున్నారు. 2024లో దాన్ని బాగుచేసి కాన్ సినిమా పండుగలో మళ్లీ వేశారు. అదే ఏడాది డిసెంబరులో బెనెగల్ పోయారు.

కేరళలో జాన్ అబ్రహాం, ఒడెస్సా కలెక్టివ్ మిత్రులు ఊరూరా తిరిగి చందాలు పోగేసి 1986లో 'అమ్మ అరియాన్' తీశారు. తీసిన బొమ్మను ఊళ్లకే తీసుకుపోయి తెర కట్టి చూపించారు. మా పాత మెదక్ జిల్లాకు సినిమా వచ్చిన తీరు వేరు. బి. నరసింగరావు, గౌతమ్ ఘోష్ 'మాభూమి'ని మంగళపర్తిలో తీశారు, 1980లో విడుదలైంది. అది చందా సినిమా కాదు. కానీ మెదక్ పల్లె తెరమీద తన ముఖం తాను చూసుకున్నది అప్పుడే.

వీడియో గేమ్‌ల చుట్టూ తీసిన సిరీస్‌ల సంగతి మా మేనల్లుడు నాకు చెప్పాడు. అవి నేను కూచొని చూశాను. 2003లో అమెరికాలో కొందరు కుర్రాళ్లు 'రెడ్ వర్సెస్ బ్లూ' అని మొదలుపెట్టారు. హేలో గేమ్‌లోని సిపాయి బొమ్మల్నే నటుల్లా నిలబెట్టి, వాటికి మాటలు అతికించారు. కెమెరా కూడా గేమ్‌లోదే. ఆడేవాళ్లలో ఒకడు కదలకుండా నిలబడి చూస్తుంటే అతని తెరమీద పడింది రికార్డు చేసేవాళ్లు. కెమెరా అంటే ఒక మనిషి చూపు అన్న మాటకు ఇంతకన్నా సూటి రుజువు నేను చూడలేదు. 2007లో నటి ఫెలిషియా డే 'ది గిల్డ్' రాసింది. ఆన్‌లైన్ గేమ్ ఆడే ఆరుగురి కథ. మొదటి మూడు ఎపిసోడ్లకు సొంత డబ్బు అయిపోతే చూసేవాళ్లే చిన్న చిన్న మొత్తాలు పంపి మొదటి సీజన్ పూర్తి చేయించారు. తర్వాత ఫ్రెడ్డీ వాంగ్ మిత్రబృందం 'వీడియో గేమ్ హైస్కూల్' తీసింది. 2011లో ఇంటర్నెట్‌లో చందాలు అడిగే కిక్‌స్టార్టర్‌లో 75 వేల డాలర్లు అడిగితే 2 లక్షల 73 వేలు దాటి వచ్చాయి. రెండో సీజన్‌కు 8 లక్షలు దాటింది. అందులో పిల్లలు గేమ్ లోపలికి పోయి నిజం మనుషుల్లా తుపాకులతో పరుగెత్తుతారు.

మన పక్కన కన్నడంలో పవన్ కుమార్ 'లూసియా'ను (2013) ఇట్లాగే తీశారు, 110 మంది కలిసి దాదాపు 50 లక్షలు పెట్టారు. తెలుగులో ఫణీంద్ర నర్సెట్టి 'మను' (2018) వంద మందికి పైగా వేసిన డబ్బుతో వచ్చింది. ఇవన్నీ మంచి పనులు. వీటిలో డబ్బు ఇచ్చినవాడికి బొమ్మ దక్కింది, పేరు దక్కింది. కథ మాత్రం దర్శకుడి దగ్గరే ఉంది. అందులో తప్పేమీ లేదు. అయితే జహీరాబాద్‌లో జరిగింది ఇంకోటి, నా లెక్కలో దీనికంటే లోతైనది.

పస్తాపూర్ మా ఊరికి పక్కనే. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడ ఉంది. స్థాపించినవాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీష్, మైసూరులో పుట్టి దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసిన మనిషి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు అమెరికా ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు పంపిన సైట్ ప్రయోగం ఉంది కదా, అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, సతీష్ గారు అందులో పనిచేశారు. పట్నంలో ఎవరో తీస్తారు, పల్లె కూచొని చూస్తుంది, అదీ ఆ ప్రయోగం నడిచిన దారి. పస్తాపూర్‌లో ఆ దారిని తిరగేశారు. పల్లె తీస్తుంది, కావలిస్తే పట్నం చూస్తుంది.

తొంభైల చివరి నుంచి సంఘాల ఆడవాళ్లు, చాలామంది దళితులు, కొందరు బడి ముఖం చూడనివాళ్లు, వీడియో నేర్చుకున్నారు. 2001కల్లా కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ అయ్యారు. కెమెరాలు చందాలతో కొన్నవి కావు, సంస్థ సమకూర్చింది. మాచనూరులో పెట్టుకున్న రేడియోకు యునెస్కో సాయం చేసింది. సంఘాలు వేసిన చందా వేరే తీరుది: ఏం తీయాలో చెప్పడం. జొన్నలు, కొర్రలు, నాటు విత్తనాలు, రేషన్‌లో రావలసిన గింజలు, అడవి ఆకుకూరలు. ఇవి ఏ చానెల్‌కూ పనికిరాని కథలు. సంకురాత్రి నుంచి నెలరోజుల పాటు ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగే పాత పంటల జాతరలో ఈ ఆడవాళ్లు కెమెరాలు పట్టుకొని నడవడం నేను చూశాను. పెళ్లి వీడియోలో మేం వంటవాళ్లను, వడ్డించేవాళ్లను ఫ్రేములోంచి తప్పిస్తాం. వాళ్ల కెమెరా ముందు పోయి ఆగేది గింజ చెరిగే చేతుల దగ్గర.

వాళ్ల సిరీస్ ఏదని మా మేనల్లుడు అడగవచ్చు. ఉంది. 2002 మార్చిలో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ ఖరీఫ్‌లోనే వరంగల్ రైతులు వేశారు. జహీరాబాద్ నుంచి ఈ ఆడవాళ్లు దాదాపు 250 కిలోమీటర్లు పోయి, అవే చేలల్లో అవే రైతులను పంట కాలం పొడవునా మళ్లీ మళ్లీ కలిసి తీశారు. విత్తనం పెట్టినప్పటి ఆశ, మందు ఖర్చు, కాయ పట్టినప్పటి దిగులు, చివరికి కోపం. ఆ కోపమే 2003లో వచ్చిన బొమ్మ పేరులోనూ ఉంది. అక్కడితో ఆపలేదు. మూడేళ్ల పంటలు కలిపి 2005లో ఇంకోటి తెచ్చారు. తర్వాత ఇదే పత్తిని వెతుక్కుంటూ దక్షిణాఫ్రికాకు, మాలికి, ఇండోనేషియాకు పోయారు. ఒకే పాత్రలు, ఏటేటా పెరిగే కథ, ఒక్కో పంటకాలం ఒక్కో ఘట్టం. ఇది సీజన్ల సిరీస్ కాకపోతే మరేమిటి? రైతుతో మాట్లాడేది కూడా రైతే కాబట్టి అవతలి మనిషి కెమెరా ముందు బిగుసుకుపోడు. నాకు ఇన్నేళ్ల పనిలో ఆ సుళువు చాలా కొద్దిసార్లే చిక్కింది.

ఈ ఆడవాళ్లదే మాచనూరు సంఘం రేడియో, దాని కథ ఇంకా ఓపిక పరీక్షించేది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషను కట్టుకొని, కార్యక్రమాలు చేసుకొని కూడా లైసెన్సు లేక ఏళ్లకేళ్లు వాళ్లు ఆ క్యాసెట్లను సంఘం మీటింగుల్లో టేపు రికార్డరు పెట్టి వినిపించుకున్నారు. 2006 చివర్లో సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి తలుపు తెరుచుకుంది. 2008 అక్టోబరు 15న 90.4 ఎఫ్‌ఎం మీద సంఘం రేడియో పలికింది. ప్రారంభించింది ఆ తీర్పు ఇచ్చినవారిలో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్. నడిపినవాళ్లు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. సతీష్ గారు 2023 మార్చి 19న పోయారు.

ఇదంతా మా పిల్లలకు ఎందుకు చెప్పానంటే, గేమ్ తీసుకొని సిరీస్ చేసేవాడికి మొట్టమొదటి లెక్క కెమెరాదే. ఊళ్లు కట్టి సైన్యాలు నడిపే గేమ్‌లు చాలావరకు పైనుంచి చూస్తాయి, అది పటేల్ షాట్. తుపాకీ గేమ్‌లు చాలావరకు ఆడేవాడి కంట్లోంచి చూస్తాయి, ఎదుటివాడు కాల్చడానికే ఉంటాడు. పబ్జీ భుజం వెనక నుంచి చూస్తుంది. వీళ్ల మొదటి స్క్రిప్టులో లారీ రోడ్డు మీద ఉరుకుతుంటే చెరుకు కొట్టేవాళ్లు అడ్డం వస్తారు, హీరో వాళ్లను తప్పించుకోవాలి. డ్రోన్ పెట్టి పైనుంచి తీద్దామన్నారు. గేమ్‌లో అడ్డంకులు అట్లాగే ఉంటాయి కాబట్టి వాళ్లకు అది తప్పని తోచలేదు.

చందా అడగడానికి తండాకు పోయినప్పుడు ఒక అవ్వ కొంగుముడి విప్పి ఇరవై రూపాయలిచ్చింది. చెరుకు కొట్టుకొని బతికే మనిషి. "అండ్ల మేం ఏం జేస్తం బిడ్డా?" అని అడిగింది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇరవై రూపాయలిచ్చిన మనిషికి ఆ జవాబు దక్కాలి. ఆ రాత్రే కూచొని మూడో లెవెల్ మొత్తం మార్చారు. ఇప్పుడు ఆ ఎపిసోడ్‌లో ఆట ఆడేది అవ్వ. తెల్లారేలోపు తన వంతు చెరుకు కొట్టి, మోపు కట్టి, ట్రాలీకి ఎక్కించాలి. లారీ హెడ్‌లైట్లు ఆమెకు అడ్డంకి. డ్రైవర్ ఆమెను దాటిపోడు, ఆమె మోపు ఎక్కితేనే అతని లారీ కదులుతుంది.

చందా లెక్క కూడా కాగితం మీద పెట్టారు. ఎవరు ఎంత ఇచ్చినా పేరు ఒకే సైజు అక్షరాల్లో పడుతుంది. ఏ ఊరి చందా ముట్టిందో ఆ ఊళ్లో తెర కట్టి చూపించాకే యూట్యూబ్‌లో పెడతారు. చూసినవాళ్లు మార్చమన్నది రాసుకుంటారు. ఈ చివరి నియమం మీద పిల్లల్లో ఒకడు గట్టిగా వాదించాడు, కథ చెడగొడతారని వాడి భయం. నేను ఒప్పుకోలేదు.

మూడో ఎపిసోడ్‌కు కెమెరా అవ్వ భుజం ఎత్తున ఉండాలి. చెరుకు తోటలో, చీకట్లో, మోపు మోసే మనిషి పక్కన అదే నడకతో పోవాలి. నా పాత పద్ధతిలో భుజాన పెట్టుకొని నడిస్తే బొమ్మ ఎగిరెగిరి పడుతుంది. కుదుపు ఆపే మంచి గింబల్ ఒకటి, వెలుతురు తక్కువైనా పనిచేసే లెన్స్ ఒకటి హైదరాబాద్ నుంచి కిరాయికి తేవాలి. చెరుకు కోతలు ముగిసేలోపే ఆ పని కావాలి. రెండో విడత చందా అడుగుతున్నది వాటికోసమే.