అదనం వేరు, ఆసరా వేరు
(రైఫిల్ సైట్ల నూరేళ్ళ చరిత్ర)

తుపాకీ అనగానే మనకు గొట్టం, తూటా గుర్తుకు వస్తాయి. గురి చూపే సైటు, చేయి కాలకుండా కాపాడే తొడుగు ఎవరికీ గుర్తుకు రావు. కాని యుద్ధరంగంలో సిపాయి ప్రాణం ఎన్నోసార్లు ఆ చిన్న భాగాల మీదే ఆధారపడింది. వాటిలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలా ఏళ్ళే పట్టింది.

మన తరం వారందరూ పోలీసు జవాను భుజాన చూసిన 'త్రీ నాట్ త్రీ' లీ-ఎన్‌ఫీల్డ్ వంశానికి చెందినది. అందులో పేరుపొందిన మార్క్ 3 నమూనా 1907లో వచ్చింది. దాని వెనుక సైటుకు 2,000 గజాల దాకా గుర్తులుండేవి. అది చాలదన్నట్టు ఎడమ పక్కన డయల్ సైటు ఒకటి ఉండేది. దానితో 2,800 గజాలు, అంటే సుమారు రెండున్నర కిలోమీటర్ల దాకా గురి పెట్టవచ్చు. అంత దూరాన మనిషి కంటికి ఆనడు. దళమంతా కలిసి దూరపు గుంపు మీద ఒక్కసారిగా కాల్చడానికి చేసిన ఏర్పాటు అది.

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల మధ్య దూరం చాలాచోట్ల కొన్ని వందల గజాలే. రైఫిళ్ళేమో లక్షల్లో కావలసి వచ్చాయి. అందువల్ల 1916లో ఆమోదించిన మార్క్ 3 స్టార్ నమూనాలో డయల్ సైటు తీసేశారు. వెనుక సైటును పక్కలకు జరిపే మర కూడా పోయింది. ముందు సైటుకు ఇరువైపులా ఉన్న ఉక్కు చెవులను మాత్రం ముట్టుకోలేదు. రైఫిల్ కింద పడితే దెబ్బ చెవులకు తగిలేది, సైటు నిలిచేది. గొట్టం పొడవునా ఉన్న చెక్క తొడుగునూ ఉంచారు. వరుసగా కాల్చాక వేడెక్కిన ఇనుమును ఉత్త చేత్తో పట్టుకోలేరు కదా!

ఈ రకాన్నే పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దశాబ్దాల పాటు తయారు చేసింది. 1962 చైనా యుద్ధం తరువాత అక్కడే 7.62 మి.మీ. తూటాకు సరిపడే 2ఎ నమూనా తయారైంది. 2,000 దాకా ఉన్న దాని సైటు గుర్తులను తరువాతి 2ఎ1లో 800 మీటర్లకు కుదించారు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ స్నైపర్ల నంబర్ 4 (టి) రైఫిల్‌కు దుర్భిణి అమర్చారు. అద్దం పగులుతుంది, తడికి మసకబారుతుంది. అందుకే దుర్భిణిని చేతి మరలతో విప్పుకునే వీలుంచారు, ఇనుప సైటునూ ఉంచారు. 1980లలో వచ్చిన ఎస్ఏ80 రైఫిల్ దుర్భిణి 'సుశాట్' నెత్తిన కూడా చిన్న ఇనుప సైటు ఉంది. ఆసరా అంటే ఇదే. పెద్దది చెడినప్పుడు ఆ పనిని చిన్నది అందుకోవాలి. డయల్ సైటు దగ్గరి గురికి పనికిరాదు కనుక అది ఉత్త అదనమే.

అమెరికా ఎం16 తొడుగు కథ మరీ ముచ్చటైనది. పాత ఎం16ఎ1కు కుడి ఎడమ ముక్కలు వేరువేరు. ఒకటి విరిగితే ఆ వైపు ముక్కే కావాలి. 1980లలో వచ్చిన ఎం16ఎ2కు పై ముక్క, కింది ముక్క ఒకే అచ్చు. ఏ ముక్కయినా ఎటయినా సరిపోతుంది. స్టోర్సులో పనిచేసిన మిత్రులకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

1995 ఫిబ్రవరిలో 'పికటినీ రైలు' అమెరికా సైనిక ప్రమాణమైంది. అడ్డంగా గాట్లు కోసిన లోహపు పట్టీ అది. గాటుకూ గాటుకూ మధ్య సుమారు 10 మి.మీ. దూరం. ఆ కొలతకు చేసిన సైటు ఏ కంపెనీదైనా దానిపై కూర్చుంటుంది. బ్యాటరీ సైటు ఆరిపోతే వాడుకోవడానికి మడత ఇనుప సైటునూ దానిమీదే బిగిస్తారు. రైలును తొడుగు మీదికి తెచ్చేసరికి కొత్త చిక్కులు వచ్చాయి. తొడుగు కదిలితే దానిమీది పరికరం గురి కూడా కదులుతుంది. నాలుగు వైపులా పట్టీలు పెడితే బరువు. అందుకే అవసరమైన చోటే పట్టీ బిగించుకునే 'ఎం-లాక్' పద్ధతి 2014లో వచ్చింది. మళ్ళీ అదనాన్ని తగ్గించుకోవడమే!

మన సైన్యానికి 72,400 సిగ్ 716 రైఫిళ్ళ కొనుగోలుకు 2019లో ఒప్పందం కుదిరింది. వాటికీ ఈ రైళ్ళున్నాయి. ఆ మరుసటి ఏడు, 2020 గణతంత్ర దినోత్సవం నాడు, ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి పదవీ విరమణ ఇచ్చి సాగనంపారు. అది నేర్పిన పాఠం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.