మ్రో-ఖిమీలు: పుట్టుక, భాష, నమ్మకాలు

మ్రో-ఖిమీలు మయన్మార్ పడమటి అంచున ఉండే కొండజాతి. రఖైన్ రాష్ట్రపు ఉత్తర భాగం, దాన్ని ఆనుకుని చిన్ రాష్ట్రంలో ఉన్న పలెత్వా ప్రాంతం వీరి నివాసం. రఖైన్‌కే పాత పేరు అరకాన్. క్యౌక్తా, మ్రౌక్-యూ, బుథిడౌంగ్, పొన్నాగ్యూన్ పట్టణాల చుట్టుపక్కల కొండల్లో, ముఖ్యంగా కలదాన్ నది పరీవాహకంలో వీరి ఊళ్లు కనిపిస్తాయి. వీరి భాష మాట్లాడేవారు సుమారు 75 వేలమంది ఉంటారని అంచనా.

పేరు

ఈ జాతి గురించి తెలుసుకోవాలంటే ముందుగా పేర్ల చిక్కుముడి విప్పుకోవాలి. మ్రో, ఖిమీ, ఖమీ, ఆవా ఖమీ, వాకుం అన్న పేర్లు ఒకదాని స్థానంలో ఒకటి వాడుకలో ఉన్నాయి. మయన్మార్ ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల జాబితా తీసి చూస్తే రఖైన్ విభాగంలో ‘మ్రో’ ఉంటుంది. చిన్ విభాగంలో ‘వాకిం’ పక్కన కుండలీకరణాల్లో మళ్లీ ‘మ్రో’ ఉంటుంది. ఖమీ, ఆవా ఖమీ అన్నవి అదే చిన్ విభాగంలో వేరే జాతులుగా నమోదయ్యాయి. ఒక్క లోయలో ఇరుగుపొరుగుగా బతికేవాళ్లను రాష్ట్రాల సరిహద్దు గీత ఇలా విడదీసి రాసింది. 1990 ఎన్నికల్లో ఒక స్థానం గెలిచిన పార్టీ తన పేరులోనే ‘మ్రో లేదా ఖమీ’ అని పెట్టుకుంది. రెండు పేర్లలో దేన్నీ వదులుకోవడానికి వీరు సిద్ధంగా లేరని దీన్నిబట్టి తెలుస్తుంది.

చిక్కు అక్కడితో ఆగదు. సరిహద్దుకు ఆవల, బంగ్లాదేశ్‌లోని బాందర్‌బన్ జిల్లాలో ఉండే మరో జాతి కూడా మ్రో అనే పిలిపించుకుంటుంది. వారిని మ్రూలనీ, మురుంగ్‌లనీ కూడా అంటారు. బంగ్లాదేశ్ జనగణనలో 2011లో సుమారు 39 వేలుగా ఉన్న వీరి సంఖ్య 2022 నాటికి 52 వేలు దాటింది. మ్రూ భాష మాట్లాడేవారు కొందరు రఖైన్‌లోనూ ఉన్నారు. వెదురు నిట్టాళ్ల మీద ఎత్తుగా కట్టుకున్న ఇళ్లు, కొండసేద్యం, పశువుల బలి చూసినవారికి ఈ ఇద్దరూ ఒక్కటే అనిపిస్తారు. మాట వింటే మాత్రం వేరని తేలిపోతుంది. ఈ వ్యాసంలో మయన్మార్ వారిని మ్రో-ఖిమీలనీ, బాందర్‌బన్ వారిని మ్రూలనీ పిలుస్తున్నాం.

మూలాలు

మ్రోల ప్రస్తావన అరకాన్ రాజవంశ చరిత్రల్లో ఉంది. క్రీ.శ. 957 ప్రాంతంలో చంద్ర వంశం కూలిపోయాక అమ్యాథు అనే మ్రో నాయకుడు సింహాసనం ఎక్కాడనీ, అతని తర్వాత అదే కుటుంబం నుంచి మరొకరు పాలించారనీ ఆ గ్రంథాలు చెబుతాయి. అవి ఆ సంఘటనలు జరిగిన ఎన్నో వందల ఏళ్లకు కూర్చిన రాతలు. అందులోని తేదీలను అక్షరాలా నమ్మలేం. పైగా అక్కడ ‘మ్రో’ అన్నది ఏ భాష మాట్లాడేవారినో ఆ రాతలనుబట్టి తేల్చలేం. అయినా కొండజాతుల ఊసే ఎత్తని రాజుల చరిత్రలు ఎన్నో ఉండగా, మ్రోలను సింహాసనం మీద కూర్చోబెట్టిన చరిత్ర ఒకటి ఉండటం చిన్న విషయం కాదు.

1826 యాందబో సంధితో అరకాన్ బ్రిటిష్‌వారి చేతికి వచ్చాక కొండల గురించిన రాతలు పెరిగాయి. అరకాన్‌లో పనిచేసిన ఆర్థర్ ఫేర్ 1841లో, చిట్టగాంగ్ కొండల అధికారి థామస్ లూయిన్ 1869లో ఒకే సంగతి నమోదు చేశారు. మ్రూలు ఒకప్పుడు అరకాన్ కొండల్లోనే ఉండేవారనీ, పొరుగు కొండజాతి ఖుమీలు వారిని పడమటికి తరిమేశారనీ ఆ రాతల సారాంశం. లూయిన్ నాటికి మ్రూల ఊళ్లు సంగు, మాతాముహూరి నదుల వైపుకు చేరిపోయాయి.

మ్రో-ఖిమీల పుట్టుక రాసేవారు చాలామంది పొరబడేది ఇక్కడే. తరిమివేతకు గురైన మ్రూల కథను పేరు కలిసిందని తెచ్చి మ్రో-ఖిమీలకు అంటగడతారు. భాషను ప్రమాణంగా తీసుకుంటే మ్రో-ఖిమీలు, మ్రూలను తరిమిన ఖుమీలకే దగ్గర చుట్టాలు. అలాంటప్పుడు వీరికి మ్రో పేరు ఎలా వచ్చింది? అరకాన్‌లో మిగిలిపోయిన మ్రూలు కొందరు పొరుగువారి భాషలోకి మారి ఉండవచ్చు. మ్రోల నేలలో స్థిరపడిన ఖమీలకు ఆ నేల పేరే అంటుకుని ఉండవచ్చు. రెండిట్లో ఏది జరిగినా ఆశ్చర్యం లేదు. కొండల్లో పెళ్లిళ్లు, వలసలు, యుద్ధాలు భాషల్ని ఎన్నోసార్లు మార్చేశాయి. జాతి పేరు ఒక దారిన, భాష మరో దారిన వచ్చి ఒక ఊళ్లో కలుసుకోవడం ఆ ప్రాంతానికి మామూలే.

భాష

మ్రో-ఖిమీ భాష టిబెటో-బర్మన్ కుటుంబంలో కుకీ-చిన్ శాఖకు చెందింది. ఆ శాఖలో ఖుమీతో కలిసి ఖోమిక్ అనే చిన్న గుంపుగా ఏర్పడుతుంది. మన ఈశాన్య రాష్ట్రాల్లోని మిజో కూడా కుకీ-చిన్ భాషే కాబట్టి, దూరపు వరసలో మ్రో-ఖిమీకి చుట్టమవుతుంది. ఈ భాషలో చాలా మాటలు ఒకటిన్నర అక్షరపు మాటల్లా వినిపిస్తాయి. ముందు తేలిపోయే చిన్న పలుకు, దాని వెనక నిండైన పలుకు. ఆగ్నేయాసియా అంతటా కనిపించే ఈ నిర్మాణం ఖుమీలోనూ ఉంది.

మ్రూ భాష సంగతి వేరు. గ్రియర్సన్ భాషా సర్వేలో 1904 నాటి సంపుటమే ఖమీని కుకీ-చిన్‌లో, మ్రూను బర్మా వర్గంలో పెట్టింది. నూరేళ్ల తర్వాత భాషావేత్త డేవిడ్ పీటర్సన్ 2009లో మ్రూ స్థానాన్ని మళ్లీ పరిశీలించారు. పలెత్వా ప్రాంతపు అను-ఖోంగ్సో భాషతో కలిపి మ్రూను ‘మ్రూయిక్’ అనే ప్రత్యేక శాఖగా చూడటం ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. తేడా వాక్యంలోనే కనిపిస్తుంది. కుకీ-చిన్ భాషల్లో, మన తెలుగులో లాగే, క్రియ వాక్యం చివర వస్తుంది. ‘వాడు అన్నం తిన్నాడు’ అన్న వరస మిజోవారికీ సహజమే. మ్రూలో మాత్రం క్రియ కర్తకూ కర్మకూ మధ్య కూర్చుంటుంది. టిబెటో-బర్మన్ భాషల్లో ఇలాంటివి కరెన్ వంటివి కొన్నే ఉన్నాయి.

ఈ తేడా పట్టించుకోనివారు కంప్యూటర్ ముందు కూడా తడబడతారు. ప్రపంచ భాషలకిచ్చే మూడక్షరాల సంకేతాల్లో ‘ఎంఆర్ఓ’ అన్నది మ్రూ భాషది. మ్రో-ఖిమీ సంకేతం ‘సీఎంఆర్’. 2014లో యూనికోడ్‌లో చేరిన ‘మ్రో’ లిపి కూడా మ్రూ భాష కోసం పుట్టిందే. ‘మ్రో’ అన్న పేరు చూసి ఆ లిపి మ్రో-ఖిమీలదనుకుంటే తప్పు.

నమ్మకాలు

మ్రో-ఖిమీల పాత మతం ఆత్మల ఆరాధన. కొండకు, వాగుకు, ఇంటికి, చేనుకు వేర్వేరు ఆత్మలుంటాయనీ, వాటికి కోపం వస్తే జబ్బులూ పంటనష్టమూ తప్పవనీ నమ్మకం. శాంతి కోసం కోడిని, పందిని, పెద్ద సందర్భాల్లో మిథున్ అనే కొండపశువును బలిస్తారు. ఈ నమ్మకాలకు కేంద్రం చేను. వీరిది మన ఏజెన్సీల్లోని పోడు లాంటి సేద్యమే. బర్మీయులు దాన్ని తౌంగ్యా అంటారు. ఎండల్లో అడవి నరికి కాల్చి, తొలకరికి కత్తిమొనతో గుంతలు తీసి వరి, పత్తి, నువ్వులు, మొక్కజొన్న, గుమ్మడి గింజలు కలిపి వేస్తారు. వాన ఒక్క వారం తప్పితే ఏడాది తిండి పోయినట్టే. అలాంటి చోట వాననూ మట్టినీ మంచి చేసుకునే పూజ బతుకులో భాగం కాక తప్పదు. రఖైన్ బౌద్ధుల పొరుగున ఉండటం వల్ల చాలామంది బౌద్ధం తీసుకున్నారు. క్రైస్తవులూ ఉన్నారు. అయినా ఆత్మల భయం పూర్తిగా పోలేదు.

మ్రూల విశ్వాసాల గురించి రాతలు ఇంకా ఎక్కువగా దొరుకుతాయి. లూయిన్ వారి దేవతలు ముగ్గురని రాశాడు: మహాపిత తురై, కొండ దేవత సంగ్‌తుంగ్, నది దేవత ఒరెంగ్. వారు తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. తురై అన్ని జాతులనూ పిలిచి తలా ఒక పుస్తకం ఇచ్చాడు. మ్రూలు రాలేకపోయారు. వారి వంతు పుస్తకాన్ని ఆవుతో పంపిస్తే, దారిలో ఆకలేసి ఆవు ఆ ఆకుల పుస్తకాన్ని నమిలి మింగేసింది. అలా మ్రూలకు లిపీ, ధర్మగ్రంథమూ లేకుండా పోయాయి. ఆ కోపం గోబలి పండుగలో ఇప్పటికీ తీర్చుకుంటారు. వెదురు దడి మధ్య ఆవును కట్టేసి, ప్లుంగ్ ఊదుతూ రాత్రంతా చుట్టూ నాట్యం చేస్తారు. ప్లుంగ్ అంటే సొరబుర్రకు పొడవూ పొట్టీ వెదురు గొట్టాలు బిగించిన వాద్యం. తెల్లవారాక ఆవును ఈటెతో పొడిచి, పుస్తకం తిన్న నాలుకను కోస్తారు. పోయిన పుస్తకం కథలు బర్మాలోని కరెన్‌లకూ, అఖాలకూ ఉన్నాయి. చదువు, రాజ్యం మైదానంవాళ్ల చేతుల్లో ఉన్నచోట తమకెందుకు లేవన్న ప్రశ్నకు కొండవాళ్లు ఇలా జవాబు చెప్పుకున్నారు.

1980లలో మెన్లే మ్రో అనే యువకుడు ఆ కథకు మరో మలుపునిచ్చాడు. మ్రూ భాషకు సొంతంగా లిపి కట్టి, క్రామా అనే కొత్త మతాన్ని బోధించాడు. ఆ తర్వాత అతను ఊరు విడిచి వెళ్లిపోయి మళ్లీ కనిపించలేదు. లిపి మాత్రం నిలిచింది. యూనికోడ్‌లోని ఈ లిపిలో 31 అక్షరాలు, 10 అంకెలు ఉన్నాయి. ఏ పొరుగు లిపినీ పోలకుండా, స్వరస్థాయి (టోన్) గుర్తులు లేకుండా, ఎడమనుంచి కుడికి రాసే వర్ణమాల ఇది. పుస్తకం పోగొట్టుకున్న జాతికి పుస్తకం తిరిగొచ్చిందని క్రామా అనుయాయుల విశ్వాసం. బాందర్‌బన్ మ్రూలు ఇప్పుడు క్రామా, బౌద్ధ, క్రైస్తవ మతాల మధ్య, పాత ఆచారాల మధ్య చీలి ఉన్నారు.

నమ్మకాల సంగతి అలా ఉంచితే, మయన్మార్ వైపు మ్రో-ఖిమీలను ఇటీవలి ఏళ్లలో కలవరపెట్టింది యుద్ధం. సిత్వే రేవు నుంచి కలదాన్ నది మీదుగా మిజోరానికి సరుకు చేరవేయాలని 2008లో భారత్ మయన్మార్‌తో ఒప్పందం చేసుకున్న మార్గం వీరి ఊళ్ల పక్క నుంచే పోతుంది. ఆ మార్గంలోని పలెత్వా పట్టణం 2024 జనవరిలో, క్యౌక్తా ఫిబ్రవరిలో మయన్మార్ సైన్యం నుంచి రఖైన్ తిరుగుబాటు దళమైన అరకాన్ ఆర్మీ చేతికి మారాయి.