చలికి బతికింది, కొడవలి ఆగితే పోయింది

ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన సంగతి ఇది. ఇంగ్లాండ్ చలిలో స్వాలోటెయిల్ సీతాకోకచిలుక ఎలా బతుకుతుందని అడిగారు కదా. మన నిమ్మ, కరివేపాకు చెట్ల మీద వాలేవాటికి ఇది చుట్టమే. కానీ ఇక్కడ దాని గొంగళిపురుగు తినేది మిల్క్ పార్స్లీ అనే చిత్తడి నేల మొక్క, కొత్తిమీర కుటుంబంలోది.

వేసవి చివర్లో పొద్దు తగ్గడం గొంగళిపురుగు పసిగడుతుంది. రెల్లు కాడకి కింది భాగంలో పట్టుదారంతో నడుం కట్టుకుని ప్యూపాగా మారుతుంది. ఇక ఎదుగుదల బంద్. ఒంట్లో ట్రెహలోస్ అనే చక్కెర పెరిగి చలి నుంచి కాపాడుతుంది. వరద వచ్చి కొన్నాళ్లు నీళ్లలో మునిగినా తట్టుకుంటుంది. మే, జూన్ నెలల్లో రెక్కలతో బయటికొస్తుంది.

ఇంత గట్టి ప్రాణి కేంబ్రిడ్జ్ పక్కనున్న వికెన్ ఫెన్‌లో 1950ల మొదట్లో అంతరించింది. చంపింది చలి కాదు.

అక్కడ వందల ఏళ్లుగా కూలీలు తుంగ కోసేవాళ్లు. ఇంటి కప్పులకీ, కేంబ్రిడ్జ్ కాలేజీల్లో పొయ్యి రాజేయడానికీ అది పోయేది. కోత వల్ల పొదలు పెరిగేవి కావు, మిల్క్ పార్స్లీకి ఎండ తగిలేది. తుంగకి గిరాకీ పడిపోయాక కూలీలు వెళ్లిపోయారు, పొదలు కమ్మేశాయి. 1899లోనే నేషనల్ ట్రస్ట్ అక్కడ నేల కొని కాపాడటం మొదలుపెట్టింది. కానీ కంచె వేసినంత మాత్రాన చాలదు, ఆ నేలకి కోసే చేతులు కావాలి. పైగా రెండో ప్రపంచ యుద్ధంలో తిండి గింజల కోసం పక్క చిత్తడిని ఎండగట్టి దున్నేశారు.

1970లలో శాస్త్రవేత్తలు మ్యూజియంలలో ఉన్న పాత వికెన్ సీతాకోకల్ని కొలిచారు. అప్పటి నార్ఫోక్ వాటికంటే రొమ్ము సన్నం. చిన్న ముక్కలో చిక్కుకుపోయి, దూరం ఎగిరేవి తగ్గిపోయాయని వాళ్ల అంచనా. 1975లో 228 సీతాకోకల్ని మళ్లీ వదిలారు. మరుసటి ఏడాదే కరువు. నేల ఎండింది, మొక్కలు వాడాయి, కొన్నేళ్లలో అవీ పోయాయి.

ఇప్పుడు ఈ దేశంలో వాటి కాపురం నార్ఫోక్ బ్రాడ్స్‌లోనే. అక్కడ రెల్లు, తుంగ కోత ఇంకా సాగుతోంది. జూన్‌లో ఒక ఆఫ్ దొరికితే, ఎండ కాసే రోజు చూసుకుని స్ట్రంప్‌షా ఫెన్‌కి వెళ్లండి.