ఊరి బయట వాడ, సిటీ బయట కాలనీ

కోట ఎవరు కట్టించారో చరిత్ర పుస్తకం చెప్తుంది. ఎన్నేండ్లు పట్టిందో చెప్తుంది. ఆ కోటకు రాళ్లు మోసిన మనిషి రాత్రికి ఎక్కడ పండుకున్నడో మాత్రం చెప్పదు. సర్కారు బడిలో సోషల్ చెప్పే పంతులును కాబట్టి ఈ లోటు నాకు ప్రతి ఏడాదీ ఎదురవుతుంది. ఈ దేశంలో ఎవడు ఎక్కడ ఉండాలె, ఎవడు ఎక్కడ ఉండొద్దు అనేది ఒక పెద్ద చరిత్ర. దాన్ని రాజులు రాయించలేదు. పండితులు రాయలేదు. అనుభవించినోళ్లకు రాత రాదు. రాత వచ్చిన మొదటి తరం మాది. కాబట్టి మేమే రాయాలె.

మా ఊరు పాత నల్లగొండ జిల్లాలో ఉంది. ఊరు ఒక దిక్కు, మాదిగవాడ ఒక దిక్కు, నడుమ వాగు. మా తాత ఊరికి మస్కూరి. పటేల్ పిలిస్తే అర్ధరాత్రి అయినా ఉరకాలె. చావు కబురు మొయ్యాలె, కచ్చీరు ఊడ్వాలె. ఊర్లో ప్రతి గడప ఆయనకు ఎరుకే, ఒక్క గడప లోపలికి పోయింది లేదు. మా అయ్య పాలేరు ఉన్నడు. ఆయన కాలంలో సర్కారు మాకు పక్కా ఇల్లు ఇచ్చింది. ఒక అర్ర, ఒక వరండా. అయితే ఊర్లో ఇయ్యలేదు. వాడ పక్కనే ఇంకో వాడ కట్టి దానికి కాలనీ అని పేరు పెట్టింది. గుడిసె పోయి స్లాబు వచ్చింది గానీ వాగు అట్లనే ఉంది.

చదువుకుంటే ఈ వాగు దాటొచ్చని మావోళ్లు నమ్మిండ్రు. నేనూ నమ్మాను. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చదివి, డిగ్రీ చేసి, బీఎడ్ చేసి, 2017 టీఆర్‌టీలో ఎంపికై 2019లో స్కూల్ అసిస్టెంటుగా చేరాను. మా వంశంలో డిగ్రీ పట్టా ముట్టుకున్న మొదటి చెయ్యి నాది. సర్కారు నాకు నెలనెలా జీతంతో పాటు ఇంటి కిరాయి భత్యం కూడా ఇస్తుంది. జీతం పట్టీలో హెచ్.ఆర్.ఏ. అని ఒక గీత ఉంటుంది. ఆ గీత చూసి ఇల్లిచ్చేటోడు దొరకాలె గదా!

డిగ్రీ ఉంటే ఇల్లు దొరుకుతుందా అనే ప్రశ్న నాతో మొదలైంది కాదు. 1917లో కొలంబియా, లండన్ చదువులు చూసి వచ్చిన అంబేద్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోయిండు. హిందూ హోటళ్లు రానియ్యవని ఎరిగి, పార్సీల సత్రంలో పార్సీ పేరుతో ఉన్నడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని పది పన్నెండు మంది వచ్చి సాయంత్రంకల్లా ఖాళీ చెయ్యమన్నరు. ఇద్దరు స్నేహితులను అడిగిండు. నువ్వొస్తే మా ఇంట్లో నౌకర్లు వెళ్లిపోతరని హిందూ స్నేహితుడు అన్నడు. క్రైస్తవుడైన స్నేహితుడు మా ఆవిడనడగాలె అన్నడు. ఆ దంపతులు బ్రాహ్మణుల నుంచి మతం మారినోళ్లు. భర్త మారిండు గానీ భార్యకు ఆచారం పోలేదని అంబేద్కర్‌కు తెలుసు. ఆయన సాయంత్రం దాకా కామాఠీ బాగ్ తోటలో కూచుని, రాత్రి రైలుకు బొంబాయి పోయిండు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఈ సంగతంతా ఆయనే రాసిపెట్టిండు. అంత చదువుకు ఆ రాత్రి తలదాచుకునే గది దొరకలేదు.

అదే 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. హైదరాబాద్ నుంచి పోయిన భాగ్యరెడ్డి వర్మ దానికి అధ్యక్షుడు. పంచములం కాదు, ఈ నేలకు ఆది మనుషులమని చెప్పి, ఆదిఆంధ్ర మహాజన సభ అని పేరు మార్చిండ్రు. హైదరాబాద్‌లో ఆయన 1906లోనే జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టిండు. బస్తీల్లో బడులు నడిపిండు. చాదర్‌ఘాట్ దగ్గర ఆది హిందూ భవన్ లేచింది. మనోళ్లు కూచుని మాట్లాడుకోవడానికి మనదైన కప్పు ఒకటి కావాలని వందేండ్ల కిందటే మన పెద్దలకు తెలుసు. ఇంటి ప్రశ్న ఆత్మగౌరవ ప్రశ్న అని వాళ్లకు ఎవరూ సిద్ధాంతం చెప్పలేదు.

హైదరాబాద్ నగరం పెరిగిన తీరు కూడా ఇదే చెప్తుంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు బస్తీలు తీసేసి కొత్త ఇండ్లు కట్టింది. 1960లలో బీహెచ్ఈఎల్, ఐడీపీఎల్, ఈసీఐఎల్ లాంటి ఫ్యాక్టరీలు ఊరవతల లేచాయి. టౌన్‌షిప్పులు, క్వార్టర్లు వచ్చాయి. ఇక్కడొక సంగతి గమనించాలె. క్వార్టరు ఇచ్చేటప్పుడు సర్కారు అడిగేది గ్రేడు, సర్వీసు. మాదిగ ఫిట్టరుకు ఒక పక్క కమ్మ ఫిట్టరు, ఇంకో పక్క బ్రాహ్మణ క్లర్కు. లోపల ఎవరి మనసులో ఏమున్నా తాళంచెవి మాత్రం ఆఫీసే ఇచ్చింది. క్వార్టర్లలో పెరిగిన మన పిల్లలు తల ఎత్తుకొని మాట్లాడటం నేను చూశాను.

తర్వాత్తర్వాత ప్రభుత్వ రంగం పలచబడింది. నగరం మాత్రం ఆగలేదు. 2007లో ఉప్పల్, కాప్రా, మల్కాజిగిరి, ఎల్బీనగర్‌ లాంటి పన్నెండు మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ చేశారు. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో నడిచింది. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు మూడంతస్తుల ఇండ్లయ్యాయి. కింద ఓనరు, పైన కిరాయిదారు. ఇప్పుడు తాళంచెవి ఆఫీసు చేతిలో లేదు. గేటు కాడ నిలబడ్డ మనిషి చేతిలో ఉంది. ఆ మనిషి అడిగేది గ్రేడు కాదు.

2022 ఎండాకాలంలో మేము ఉప్పల్ దిక్కు ఇల్లు వెతికాం. నా బడి యాదాద్రి జిల్లాలో. ఉప్పల్ చౌరస్తాలో బస్సెక్కితే నాకు సులువు. మా ఆవిడ ఉద్యోగం అమీర్‌పేటలో, మెట్రో ఎక్కితే ఆమెకు సులువు. పాప ఒకటో తరగతి. కాలనీలు సాఫుగా ఉన్నయి, చెట్లున్నయి, లొల్లి లేదు. పదకొండు వేలు కిరాయి, రెండు నెలల అడ్వాన్సు. మా దగ్గర పైసలున్నయి.

కులం ఎవరూ సూటిగా అడగరు. ఇది నగరం గదా! అడిగే పద్ధతి వేరు. "ఏ ఊరు సార్?" ఊరు చెప్తే, "ఊర్లో ఎక్కడ?" "ఇంటిపేరేంది?" ఇంటిపేరుతో తేలకపోతే, "నాన్‌వెజ్ తింటరా?" తింటామంటే, "ఏం తింటరు?" చివరికి, "చర్చికి పోతరా?" ఒక ఇంట్లో పెద్దమనిషి నా డిగ్రీ, నా పోస్టు అన్నీ విని శానా సంతోషపడ్డడు. రిటైరైన లెక్చరరట. "టీచర్లంటే మాకు గౌరవమండీ" అన్నడు. ఇంటిపేరు దగ్గర ఆగిండు. "మీరేమిట్లు?" అన్నడు. "మాదిగోళ్లం సార్" అన్నాను. "అయ్యో, మాకేం పట్టింపుల్లేవు. మా అత్తమ్మ పాతకాలం మనిషి" అన్నడు. బరోడా స్నేహితుడి భార్య నూటఐదేండ్లయినా చావలేదు. ఉప్పల్లో అత్తమ్మ అయి కూచుంది.

బ్రోకరు మంచోడే. "సార్, ఎస్సీ అని చెప్పకుండ్రి. బీసీ అనుండ్రి. ఆధార్ కార్డుల కులం ఉండదు గదా" అన్నడు. ఆయనకు కమీషన్ కావాలె. మా ఆవిడ మాత్రం అక్కడే చెప్పింది: "రేపు పాపను బయట ఎవరన్న అడిగితే అదేం చెప్పాలె? ఇంట్ల ఒకటి, బయట ఒకటా?" మేము అబద్ధం చెప్పలేదు. పన్నెండు ఇండ్లు తిరిగాం. పదమూడో ఇంట్లో ఓనరు ఏమీ అడగలేదు. అడ్వాన్సు తీసుకుని తాళంచెవి ఇచ్చిండు. సంతోషంగా చేరాం.

రెండు నెలలు బాగానే గడిచింది. మూడో నెలలో మా అవ్వ ఊరి నుంచి వచ్చింది. కింద మెట్ల మీద కూచుని ఓనరు భార్యతో ముచ్చట పెట్టింది. మా అవ్వకు దాయడం రాదు. తాత చేసిన పని చెప్పింది, అయ్య డప్పు గురించి చెప్పింది, మా వాడ చెప్పింది. ఆ వారంలోనే ఓనరు పైకి వచ్చిండు. "మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నడు సార్, పోర్షను కావాలె. నెలాఖరుకు ఖాళీ చెయ్యుండ్రి." కారణం కాగితం మీద రాసియ్యమన్నాను. రాసియ్యలేదు. నాలుగు రోజులకు గేటుకు టూలెట్ బోర్డు వేలాడింది. నా తోటి టీచరు ఒకాయన రెడ్డి. నా ముందే ఆ నంబరుకు ఫోన్ చేసి పేరు చెప్పిండు. "రండి సార్, ఇప్పుడే చూసుకోండి" అన్నరు. అమెరికా అబ్బాయి గురించి ఒక్క మాట లేదు.

మేము చేసిన ఈ చిన్న పరీక్షను పద్ధతి ప్రకారం పెద్దగా చేసినోళ్లున్నరు. సుఖదేవ్ థొరాట్, ఆయన తోటి పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల నగరాల్లో దళిత, ముస్లిం, అగ్రకుల పేర్లతో కిరాయి ఇండ్లు అడిగి చూసిండ్రు. 2015లో ఆ వ్యాసం అచ్చయింది. అగ్రకులపోళ్లకు తెరుచుకున్న తలుపు దళితులకు మూసుకుంది. ముస్లింలకు ఇంకా గట్టిగా మూసుకుంది. కాబట్టి ఇది నా ఒక్కని తలరాత కాదు.

దీనికి చట్టం లేదా? ఉంది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. దాన్ని అమలు చెయ్యడానికి 1955 జూన్ 1 నుంచి ఒక చట్టం నడుస్తున్నది. 1976లో దాని పేరు పౌరహక్కుల పరిరక్షణ చట్టం అయింది. అందులో 4వ సెక్షను చదవండి. అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోవడానికి, కొనుక్కోవడానికి, అందులో ఉండడానికి అడ్డుపడితే నేరం. 12వ సెక్షను ఇంకా ముఖ్యం. బాధితుడు ఎస్సీ అయితే, ఆ పని అంటరానితనంతోనే చేసిండని కోర్టు అనుకోవాలె. కాదని రుజువు చేసుకునే బరువు అవతలోడి మీద ఉంటుంది. ఇంత మంచి సెక్షను మనోళ్లలో ఎంతమందికి తెలుసు? మరో పక్క 2005లో సుప్రీంకోర్టు ముందుకు గుజరాత్ పార్సీల హౌసింగ్ సొసైటీ కేసు వచ్చింది. తమోళ్లకే సభ్యత్వం అన్న నియమం చెల్లుతుందని కోర్టు చెప్పింది. 15వ అధికరణం సర్కారును కట్టేస్తుంది గానీ ఇట్లాంటి ప్రైవేటు సంఘాన్ని కట్టెయ్యదన్నది. తలుపు మూసేటోళ్లకు ఒక తీర్పు దొరికింది.

నేను 4వ సెక్షను, 12వ సెక్షను రాసి స్టేషనులో అర్జీ ఇచ్చాను. అక్కడున్నాయన చదివి, "తిట్టిండా సార్? కొట్టిండా? కులం పేరు పెట్టి అన్నడా? లేదు గదా. ఇల్లు ఆయనది, ఆయనిష్టం" అన్నడు. కేసు కట్టలేదు. అర్జీ ముట్టినట్టు ముద్ర మాత్రం వేయించుకున్నాను. మా ఆవిడ అడిగింది, "గెలిచినా ఆ ఇంట్ల ఉంటమా?" ఉండం. ఆమె మాటలో న్యాయం ఉంది. పాపకు పరీక్షలున్నయి, ఆమెకు ఉద్యోగముంది, కేసంటే ఏండ్లు. అయినా ఆ ముద్ర పడ్డ కాగితం నా దగ్గరుంది. మా తాతను ఎన్ని గడపల నుంచి వెళ్లగొట్టిండ్రో ఎక్కడా రాసి లేదు. నన్ను వెళ్లగొట్టిన తారీఖు మాత్రం రాసి ఉంది.

ఇప్పుడు మేముండే ఇల్లు ఆ కాలనీకి అర కిలోమీటరే. నగరం మింగిన పాత ఊరి మాదిగవాడ అది. కాలనీలు పుట్టకముందు నుంచీ ఉంది. చుట్టూ ప్లాట్లు వచ్చినా ఆ నాలుగు గల్లీలు మిగిలాయి. ఇంటామెను పెద్దమ్మా అంటాం. కూలి చేసి, కొడుకుల సంపాదన కలిపి రెండంతస్తులు కట్టింది. "ఈ కాలనీల భూములన్ని మా చేతులు దున్నినయే బిడ్డా. వాళ్లు మనకు కిరాయికియ్యరట!" అని నవ్వుతది. ఇక్కడ మెట్రోకు నడిచేంత దూరమే. కానీ దీన్ని విజయమని రాయలేను. వాడ నుంచి బయల్దేరినోడు నూరు కిలోమీటర్లు వచ్చి ఇంకో వాడలో తేలిండు. మావోళ్ల మధ్య ఉండడం నాకు నామోషీ కాదు. ఎక్కడుండాలో నేను తేల్చుకోలేదన్నదే నా బాధ.

కారంచేడు మావోళ్లు 1985లో ఊరు విడిచి చీరాలలో కొత్త కాలనీ కట్టుకున్నరు. 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెళ్లగొట్టిన అయిదుగురు విద్యార్థులు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చలిలో వెలివాడ వేసిండ్రు. అందులో ఒకరు రోహిత్ వేముల. అది అంబేద్కర్ కూచున్న తోటకు నేటి పేరు. ఊర్లో గొడ్డలి, యూనివర్సిటీలో ఆర్డరు, కాలనీలో అత్తమ్మ. ఆయుధాలు వేరు, పని ఒకటే.

విద్యార్థి మిత్రులారా, కార్యకర్తలారా, ఒక పని చెయ్యండి. మిమ్మల్ని తిప్పిపంపిన ఇంటి తారీఖు రాసుకోండి. అడిగిన ప్రశ్నలు ఉన్నవున్నట్టు రాసుకోండి. ముస్లిం మిత్రులను కూడా అడిగి రాయండి, వాళ్ల తలుపులు ఇంకా ఎక్కువ మూసుకున్నయి. 4వ సెక్షనును, 12వ సెక్షనును సంఘం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఒక్క కాగితాన్ని స్టేషను పక్కన పెట్టగలదు, వెయ్యి కాగితాలను పక్కన పెట్టలేదు. సర్కారు కిరాయి ఇండ్లు కట్టి వరుస ప్రకారం ఇయ్యాలని అడగండి. కిరాయి పైసలిచ్చే సర్కారు తాళంచెవి బాధ్యత కూడా తీసుకోవాలె.