బళ్ళారి తపాలా విమానమార్గము - మాన్వి సీమ

రెండు పట్టణముల నడుమ దూరమును కొలుచుట గణితజ్ఞుల పని. ఆ దూరమును దాటుటకు పట్టు కాలమును తెలిసికొనవలెనన్నచో చరిత్రను గూడ పరిశీలింపవలెను. రాయచూరు మండలములోని మాన్వి సీమ యిందులకు నిదర్శనము.

కృష్ణా తుంగభద్రల అంతర్వేదిలో నున్న మాన్వికి ఇరుప్రక్కల రెండు దూరమార్గము లేర్పడినవి. మొదటిది రైలుమార్గము. బొంబాయినుండియు మద్రాసునుండియు వచ్చిన రైలుదారులు 1871లో రాయచూరున కలిసినవి. రెండవది ఆకాశమార్గము. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా విమానమును నడిపెను. అచ్చటినుండి నెవిల్ విన్సెంట్ ఆ తపాలాను బళ్ళారి మీదుగా మద్రాసునకు చేర్చెను.

బళ్ళారి మజిలీ యెంత అనుకూలమైనదో లెక్కవలన తేటపడును. బొంబాయి మద్రాసుల నడుమ సరళరేఖాదూరము సుమారు 1,030 కి.మీ. బళ్ళారి మీదుగా పోయినచో పది కి.మీ. లోపు మాత్రమే హెచ్చును. హైదరాబాదు మీదుగా నైనచో నూరు కిలోమీటర్లకు పైగా హెచ్చును. ఆనాటి చిన్న విమానము గంటకు సుమారు 160 కి.మీ. పోవునది. కావున ఆకాశమున గడుపు కాలము దాదాపు ఆరున్నర గంటలే. కాని రాత్రివేళ విమానము నడుపు వసతి లేకపోవుటచే బళ్ళారిలో బసచేసి మరునాడు మద్రాసు చేరవలసివచ్చెను.

మాన్వినుండి బళ్ళారికి సరళరేఖలో సుమారు 95 కి.మీ. ఆ విమానమునకు ముప్పావుగంట లోపలి పయనము. కాని నడుమ తుంగభద్రయు, రాజ్యముల సరిహద్దును ఉండెను. మాన్వి నిజాము రాజ్యములోనిది. బళ్ళారి మద్రాసు రాజధానిలోనిది.

1956 నవంబరు 1న రాయచూరు మండలము మైసూరు రాష్ట్రమున చేరెను. మాన్వివారికి అంతవరకు రాజధానియైన హైదరాబాదు సరళరేఖలో సుమారు 220 కి.మీ. కాగా, క్రొత్త రాజధానియైన బెంగుళూరు సుమారు 340 కి.మీ. ఊరు కదలకయే రాజధాని దూరమయ్యెను.

తుంగభద్ర యెడమకాలువ క్రింద సాగుచేయుటకు కోస్తా జిల్లాలనుండి వచ్చిన తెలుగు రైతులు ఈ సీమలో క్యాంపులు కట్టుకొనిరి. వారి బంధువర్గమున్న విజయవాడ ప్రాంతము మాన్వికి సరళరేఖలో సుమారు 390 కి.మీ. నేటి విమానమునకది గంట ప్రయాణము. కాని మాన్విలో విమానాశ్రయము లేదు. 2008లో తెరచిన శంషాబాదు విమానాశ్రయమునకు, సరళరేఖలోనే 200 కి.మీ., ముందుగా నేలపై పోవలెను. 2021 మార్చిలో తెరచిన ఓర్వకల్లు విమానాశ్రయము సుమారు 125 కి.మీ. దూరముననే కలదు. అయినను విమానాశ్రయము దగ్గరగుట వేరు, కోరిన ఊరికి విమానముండుట వేరు.

కావున ప్రయాణకాలమును ఇంటిగడప దాటినది మొదలు లెక్కింపవలెను. ఈ సీమలోని తెలుగువారి రాకపోకల చరిత్రను వ్రాయబూనువారు పటములతోపాటు నాటి రైలు, బస్సు, విమానముల వేళల పట్టికలను, వృద్ధుల జ్ఞాపకములను గూడ సేకరించుట అవసరము. వృద్ధుల జ్ఞాపకములు వారితోనే పోవును గనుక ఈ పని ముందుగా జరుగవలసియున్నది.